ఇంట్లో చదివిన పిల్లలు డిగ్రీకి వెళ్లాలంటే.. ఏ సబ్జెక్టులు, ఏ పరీక్షలు?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంట్లోనే చదువుకునే ముస్లిం పిల్లలు కొత్తేమీ కాదు. వాళ్ల చదువును ‘హోమ్ స్కూలింగ్’ అని ఇక్కడ ఎవరూ పిలవరంతే. హిఫ్జ్ కోసం ఐదో తరగతితో బడి మానేసిన అబ్బాయి ఉంటాడు. టెన్త్ తర్వాత కాలేజీ దూరమని ఇంట్లో ఆగిపోయిన అమ్మాయి ఉంటుంది. అబ్బా కువైట్‌లో పని వదిలేసి రావడంతో చదువు మధ్యలో తెగిపోయిన పిల్లలూ ఉంటారు. వీళ్లలో చాలామంది ఆ తర్వాత పట్టుదలగా పుస్తకాలు తెప్పించుకుని, ట్యూషన్ పెట్టుకుని చదువు కొనసాగిస్తున్నారు.

డిగ్రీ మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: ‘ఏ ఎంట్రెన్స్ రాయాలి?’ ప్రశ్న మంచిదే, కానీ ఆలస్యంగా వస్తోంది. ఏ కాలేజీ దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది చాలావరకు అంతకు రెండేళ్ల ముందే, ఓపెన్ ఇంటర్ దరఖాస్తులో టిక్ పెట్టిన ఐదు సబ్జెక్టుల దగ్గర తేలిపోతుంది. నెట్ సెంటర్‌లో పక్కవాళ్లు ‘ఇవి సులువు, పాసైపోతారు’ అని చెప్పినవి టిక్ పెట్టేసి వస్తే, తర్వాత దిద్దుకోవడానికి ఒక ఏడాది పోతుంది.

ముందు సర్టిఫికెట్ సంగతి

ఇంట్లో చదివిన చదువుకు గుర్తింపు రావాలంటే రెండు ప్రభుత్వ దారులు ఉన్నాయి. ఒకటి రాష్ట్రానిది: ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ, అంటే అపోస్. రెండోది కేంద్రానిది: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అందరూ ఎన్ఐఓఎస్ అంటారు. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన ఆ సంస్థకు 2002లో ఈ పేరు వచ్చింది. రెండింటిలోనూ టెన్త్‌కు 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి. టెన్త్‌లో చేరడానికి పాత బడి టీసీ తప్పనిసరి కాదు కాబట్టి, మదరసాలో మాత్రమే చదివిన పిల్లవాడికి కూడా తలుపు తెరిచే ఉంటుంది. ఇంటర్‌కు మాత్రం గుర్తింపు ఉన్న టెన్త్ సర్టిఫికెట్ ఉండాలి.

ఎన్ఐఓఎస్‌లో పాస్ మార్కు 33, అపోస్‌లో 35. ఒకసారి చేరితే ఐదేళ్లపాటు రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. ఆ లోపు తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. ఇంటి పనులతో, హిఫ్జ్ దౌర్‌తో సతమతమయ్యే పిల్లలకు ఇది నిజంగా పెద్ద వెసులుబాటు.

ఒక హెచ్చరిక. ‘టెన్త్, ఇంటర్ ఒకే ఏడాదిలో’ అని గోడల మీద, ఆటోల మీద కనిపించే ప్రకటనలను నమ్మి డబ్బు కట్టొద్దు. ఎన్ఐఓఎస్ నియమం ప్రకారం టెన్త్ పాసైన తర్వాత రెండేళ్ల వ్యవధి ఉంటేనే ఇంటర్ సర్టిఫికెట్ ఇస్తారు. ఏడాదికే రాయాలనుకుంటే నాలుగు సబ్జెక్టుల వరకే రాయనిస్తారు. ఎక్కడో దూర రాష్ట్రంలోని బోర్డు పేరుతో సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్ల దగ్గరకు వెళ్లకముందే, ఆ బోర్డు పాఠశాల విద్యా బోర్డుల మండలి ‘కాబ్సే’ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అడ్మిషన్ అంతా అయిపోయాక, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఫీజుతో పాటు సీటూ పోతుంది.

ఐదు సబ్జెక్టులు ఎలా ఎంచుకోవాలి?

ఎన్ఐఓఎస్ ఇంటర్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. అందులో భాష ఒకటి తప్పనిసరి, రెండుకు మించకూడదు. కావాలంటే ఇంకో రెండు సబ్జెక్టులు అదనంగా తీసుకోవచ్చు. ఈ అదనపు సబ్జెక్టుల సంగతి చాలామందికి తెలియదు, తెలిసినా ‘ఎందుకు అదనపు భారం’ అని వదిలేస్తారు.

ఇక్కడ చేయాల్సిన పని వెనక నుంచి ముందుకు లెక్క వేసుకోవడం. ముందు కోర్సు అనుకోవాలి. ఆ కోర్సు ఏ ఏ యూనివర్సిటీల్లో ఉంది, అవి ఇంటర్‌లో ఏ సబ్జెక్టులు అడుగుతున్నాయి, ఎంట్రెన్స్‌లో ఏ పేపర్లు అడుగుతున్నాయి అని చూసి, అప్పుడు ఓపెన్ ఇంటర్ ఫారం నింపాలి.

చిత్తూరులో ఒక అమ్మాయి బీకాం చదవాలనుకుంటోంది అనుకుందాం. సులువని ఇంగ్లిష్, ఉర్దూ, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ ఆపరేషన్స్, పెయింటింగ్ తీసుకుంది. ఇంటర్ పాసైంది, మార్కులూ బాగా వచ్చాయి. రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలో బీకాం సీటుకు ఇబ్బంది ఉండదు. కానీ ఢిల్లీ యూనివర్సిటీ బీకాం ఆనర్స్‌కు దరఖాస్తు చేయాలంటే సీయూఈటీలో ఒక భాష, అకౌంటెన్సీ లేదా మ్యాథ్స్, ఇంకో రెండు సబ్జెక్టులు రాయాలి. పైగా ఇంటర్‌లో పాసైన సబ్జెక్టులనే సీయూఈటీలో రాసి ఉండాలన్నది ఆ యూనివర్సిటీ షరతు. ఆమె ఇంటర్‌లో అకౌంటెన్సీ లేదు, మ్యాథ్స్ లేదు. డేటా ఎంట్రీకి సీయూఈటీలో పేపరే లేదు. సులువైన సబ్జెక్టులు పాస్ చేయించాయి, అక్కడితో వదిలేశాయి.

అదే అమ్మాయి ఇంగ్లిష్, అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్, ఎకనామిక్స్, మ్యాథ్స్ తీసుకుని ఉంటే దేశంలో కామర్స్ తలుపులు దాదాపు అన్నీ తెరిచి ఉండేవి. మ్యాథ్స్ అంటే భయమైతే దాన్ని ఆరో సబ్జెక్టుగా పెట్టుకోవచ్చు. కామర్స్ పిల్లలు మ్యాథ్స్ వదిలేయడం మన దగ్గర ఒక అలవాటైపోయింది. కానీ ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో మ్యాథ్స్ లేకుండా దారి లేదు. అకౌంట్స్ తెలిసి లెక్కలు రాని వాళ్లకు సీఏ ఫౌండేషన్‌లోనూ కష్టమే, నాలుగు పేపర్లలో ఒకటి లెక్కలు, లాజిక్, స్టాటిస్టిక్స్ మీదే ఉంటుంది.

సీఏ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫౌండేషన్‌కు టెన్త్ తర్వాతే రిజిస్టర్ చేసుకోవచ్చు, పరీక్ష మాత్రం ఇంటర్ పరీక్షలు రాశాకే. ఏ గ్రూపు చదివినా అర్హులే. 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు పరీక్ష పెడుతున్నారు. ఇంట్లో ఉండి చదవాల్సిన అమ్మాయిలకు దీనికంటే అనువైన కోర్సు తక్కువ, అయినా మన ఇళ్లలో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువే.

భాష దగ్గర తొందర వద్దు

రాయలసీమ ముస్లిం ఇళ్లలో మాట్లాడేది దక్ఖనీ. బడిలో రాసేది తెలుగు. అందుకే ‘మాది ఉర్దూనే కదా’ అని ఫారంలో ఉర్దూ పెట్టిన పిల్లలు పరీక్ష హాల్లో ఉర్దూ లిపిలో పేజీలకు పేజీలు రాయలేక ఇబ్బంది పడతారు. మాట్లాడటం వేరు, ప్రశ్నపత్రం చదివి జవాబు రాయడం వేరు. మదరసాలో చదివిన పిల్లలకు ఉర్దూ బలం, వాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. తెలుగు మీడియంలో పెరిగిన పిల్లలకు తెలుగే బలం. సీయూఈటీలోని 13 భాషల్లో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది.

ఉర్దూ వచ్చిన వాళ్లకు మాత్రం ఒక కారణంగా ఆ సబ్జెక్టును వదులుకోవద్దని చెప్పాలి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీలో చేరాలంటే ఉర్దూ మీడియంలో చదివి ఉండాలి, లేదా కనీసం ఉర్దూను ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఆ యూనివర్సిటీ గుర్తించిన మదరసా సనద్ ఉండాలి. 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కేంద్రీయ యూనివర్సిటీ అది. మదరసా నుంచి వచ్చిన వాళ్ల కోసం అక్కడ బ్రిడ్జ్ కోర్సులూ ఉన్నాయి. మన సీమలోనే కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఒక్క ఉర్దూ పేపర్ ఉంటే ఈ దారి తెరిచే ఉంటుంది.

సీయూఈటీ అంటే ఏమిటి, ఎవరికి అవసరం?

కేంద్రీయ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం 2022లో ఈ ఉమ్మడి పరీక్ష మొదలైంది. అంతకుముందు చాలాచోట్ల ఇంటర్ మార్కుల కటాఫ్‌తో సీటు ఇచ్చేవారు. ఇంట్లో చదివిన పిల్లల వైపు నుంచి చూస్తే ఈ మార్పు మేలే చేసింది. కార్పొరేట్ కాలేజీలో చదివి 98 శాతం తెచ్చుకున్న వాడితో ఓపెన్ స్కూల్ మార్కులు పోటీ పడాల్సిన పని లేదు. ఇద్దరూ ఒకే ప్రశ్నపత్రం రాస్తారు.

2025లో ఇందులో 37 పేపర్లు ఉన్నాయి: 13 భాషలు, 23 సబ్జెక్టులు, ఒక జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్. ఒక్కొక్కరు ఐదు పేపర్ల వరకు రాయొచ్చు. ప్రతి పేపర్ గంట సేపు, 50 ప్రశ్నలు, అన్నీ రాయాల్సిందే. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అంతా కంప్యూటర్ మీదే. మౌస్ పట్టి పరీక్ష రాసిన అలవాటు లేని పిల్లలకు ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉండే మాక్ టెస్టులు నాలుగైదు చేయించాలి. ఫీజు 2025లో మూడు పేపర్ల వరకు జనరల్‌కు 1000 రూపాయలు, ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, ఈడబ్ల్యూఎస్‌కు 900. ఆపైన ఒక్కో పేపర్‌కు 400, 375 చొప్పున.

ఇంటర్‌లో చదవని సబ్జెక్టు కూడా రాయొచ్చని 2025 నుంచి ఎన్‌టీఏ చెబుతోంది. ఇది విని కొందరు సంబరపడుతున్నారు. పరీక్ష రాయనివ్వడం ఎన్‌టీఏ పని, సీటు ఇవ్వడం యూనివర్సిటీ పని. ఢిల్లీ యూనివర్సిటీ షరతు పైన చూశాం. కాబట్టి ఎన్‌టీఏ బులెటిన్ ఒక్కటే చదివి ఊరుకోకుండా, అనుకున్న యూనివర్సిటీ అడ్మిషన్ బులెటిన్ కూడా తెరిచి, ఆ కోర్సు ఎదురుగా ఉన్న సబ్జెక్టుల వరుస కాగితం మీద రాసుకోవాలి.

పేపర్ల జాబితా ఏటా అలాగే ఉంటుందని కూడా అనుకోవద్దు. లీగల్ స్టడీస్, టూరిజం, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఫ్యాషన్ స్టడీస్ వంటివి 2025లో తీసేశారు. ఎన్ఐఓఎస్‌లో ‘ఇంట్రడక్షన్ టు లా’ చదివి లీగల్ స్టడీస్ రాద్దామనుకున్న వాళ్లకు ఆ పేపరే లేకుండా పోయింది. అదే ఏడాది అకౌంటెన్సీలో కంప్యూటరైజ్డ్ అకౌంటింగ్ భాగం మీద అభ్యంతరాలు వచ్చాయి. పరీక్షలు జరుగుతుండగానే ఎన్‌టీఏ దాన్ని ఐచ్ఛికంగా మార్చాల్సి వచ్చింది. ఇలాంటివి జరిగినప్పుడు కాలేజీలో చదివేవాడికి లెక్చరర్ చెబుతాడు. ఇంట్లో చదివే పిల్లకు చెప్పేవాళ్లు ఉండరు, కాబట్టి వారానికోసారి ఎన్‌టీఏ నోటీసులు చూడటం ఇంట్లో ఎవరో ఒకరు బాధ్యతగా పెట్టుకోవాలి.

సిలబస్ దగ్గర ఇంకో చిక్కు. ఎన్ఐఓఎస్ పుస్తకం వేరు, సీయూఈటీ ప్రశ్నలు వచ్చేది ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకాల మట్టం మీద. ఓపెన్ స్కూల్ పుస్తకం ఒక్కటే చదివి వెళితే సగం ప్రశ్నలు కొత్తగా కనిపిస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చాలావరకు ఉర్దూలోనూ ఉన్నాయి. పరీక్షను తెలుగులోనో ఉర్దూలోనో రాయొచ్చు గానీ, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే అంతిమంగా తీసుకుంటారు. అకౌంట్స్ వంటి సబ్జెక్టుల్లో పదాలన్నీ ఇంగ్లిష్‌వే కాబట్టి ఆ పిల్లలు ఇంగ్లిష్‌లోనే రాయడం మేలు.

అందరికీ సీయూఈటీ అక్కర్లేదు. ఇల్లు వదిలి దూరం పంపే ఉద్దేశం లేకపోతే, చిత్తూరు పీవీకేఎన్ ప్రభుత్వ కాలేజీలోనో తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీలోనో మదనపల్లె బీటీ కాలేజీలోనో చేరడానికి ఎంట్రెన్స్ లేదు. ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఇంటర్ సర్టిఫికెట్‌తోనే దరఖాస్తు చేయాలి. బీకాంకు ఏ గ్రూపైనా ఫర్వాలేదు. బీఎస్సీకి మాత్రం ఆ సైన్స్ సబ్జెక్టులు చదివి ఉండాలి.

సైన్స్ వైపు వెళ్లేవారికి

ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో మొదలయ్యాయి. అంటే దేశమంతా కలలుగనే రెండు సంస్థలు మన జిల్లాలోనే ఉన్నాయి. ఐఐటీకి జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ రాయాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక భాష, ఇంకో సబ్జెక్టు, మొత్తం ఐదు ఉండాలి. ఐసర్‌కు 2024 నుంచి ఐఏటీ అనే పరీక్ష ఒక్కటే దారి. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ నాలుగింటి నుంచీ 15 చొప్పున ప్రశ్నలు వస్తాయి. అర్హతకు ఈ నాలుగింటిలో మూడు ఇంటర్‌లో చదివి ఉండాలి, కానీ బయాలజీని ముట్టుకోని పిల్లవాడు 15 ప్రశ్నలు వదిలేసినట్టే.

నీట్ విషయంలో పాత భయం ఇంకా ఉంది. ఓపెన్ స్కూల్ వాళ్లకు డాక్టర్ కోర్సు రాదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఒకప్పుడు మెడికల్ కౌన్సిల్ నిబంధన అలాగే ఉండేది. 2018 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైన వాళ్లకూ అర్హత ఉంటుందని 2023 నవంబర్‌లో జాతీయ మెడికల్ కమిషన్ నోటీసు ఇచ్చింది. అంటే ఎంపీసీ చదివిన అమ్మాయి కూడా తర్వాత బయాలజీ ఒక్కటి రాసి నీట్‌కు కూర్చోవచ్చు. నీట్‌ను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. హిజాబ్‌తో వచ్చే అమ్మాయిలు తనిఖీ కోసం ముందుగా సెంటర్‌కు చేరుకోవాలని నిబంధనల్లోనే ఉంది, కాబట్టి గేటు దగ్గర వాదన పెట్టుకోవడం కంటే ముందుగా వెళ్లడం నయం.

సైన్స్ సబ్జెక్టులకు ప్రాక్టికల్స్ ఉంటాయి. చేరే స్టడీ సెంటర్‌లో ల్యాబ్ ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే వెళ్లి కళ్లారా చూసుకోవాలి.

ఇంటర్ అయిపోయింది, సబ్జెక్టు మిగిలిపోయింది అనుకునే వాళ్లకు ఎన్ఐఓఎస్‌లో ‘పార్ట్ అడ్మిషన్’ ఉంది. ఇప్పటికే ఇంటర్ పాసైన వాళ్లు ఒకటి నుంచి నాలుగు సబ్జెక్టుల వరకు మాత్రమే తీసుకుని రాయొచ్చు. మ్యాథ్స్ ఒక్కటే కావాలంటే మ్యాథ్స్ ఒక్కటే. తేదీలు మాత్రం చూసుకోవాలి. ఎన్ఐఓఎస్ పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. సెప్టెంబర్ దాటాక చేరితే మామూలుగా వచ్చే ఏప్రిల్ పరీక్ష దొరకదు, ఆ తర్వాతి అక్టోబరే. సీయూఈటీ మేలో ఉంటుంది కాబట్టి ఒక్క నెల ఆలస్యం ఒక విద్యా సంవత్సరాన్ని మింగేస్తుంది.

విదేశీ పరీక్షల మాట

గల్ఫ్‌లోనో అమెరికాలోనో చుట్టాలున్న ఇళ్లలో శాట్ సబ్జెక్ట్ టెస్టుల గురించి అడుగుతుంటారు. ఆ పరీక్షలు ఇప్పుడు లేవు. కాలేజ్ బోర్డు 2021 జనవరిలో వాటిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికా బయట అదే ఏడాది మే, జూన్‌లో చివరిసారి జరిగాయి. శాట్ మాత్రం ఉంది. ఇంట్లో చదివిన పిల్లలు సబ్జెక్టులో బలం చూపించుకోవడానికి ఇప్పుడు ఏపీ పరీక్షలు రాస్తున్నారు. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కువైట్, సౌదీ, యూఏఈలో ఉన్న పిల్లలకు ఎన్ఐఓఎస్ సెంటర్లు అక్కడే ఉన్నాయి. ఇండియాకు తిరిగి వస్తామని తెలిసిన కుటుంబాలకు అదే తక్కువ ఖర్చులో తేలే దారి.

కాగితాలు

‘షేక్’ అన్న ఒక్క మాటను ఎస్‌కే అని, షాయిక్ అని, షీక్ అని మూడు చోట్ల మూడు రకాలుగా ఇంగ్లిష్‌లో రాసిన ఇళ్లు ఎన్నో. ఆధార్‌లో ఒకటి, టెన్త్‌లో ఒకటి ఉంటే ఎంట్రెన్స్ ఫారం దగ్గరే ఆగిపోతుంది. ఓపెన్ టెన్త్ ఫారం నింపే రోజే ఆధార్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. టెన్త్ సర్టిఫికెట్ వచ్చాక దాన్ని దిద్దించడం కంటే ఆధార్‌ను ముందే దిద్దించుకోవడం తేలిక.

రాష్ట్ర కోటా సీట్లలో స్థానికత కూడా ముఖ్యం. 85 శాతం సీట్లు ఆ ప్రాంతం వాళ్లకే. చిత్తూరు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. మామూలుగా స్థానికతకు వరుసగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికే వెళ్లని పిల్ల అవి ఎక్కడి నుంచి తెస్తుంది? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోనే దీనికి జవాబుంది. ఆ నాలుగేళ్లలో బడిలో చదవని కాలం ఉంటే, అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివసించినట్టు చూపితే సరిపోతుంది. తహసీల్దార్ ఇచ్చే రెసిడెన్స్ సర్టిఫికెట్ దానికే. కౌన్సెలింగ్ వారం ముందు పరుగెత్తకుండా, ఇంటర్ పరీక్షలు కాగానే దరఖాస్తు పెట్టుకోవాలి.

బీసీ-ఈ సర్టిఫికెట్ రాష్ట్ర కాలేజీల్లో పనికొస్తుంది. 2007 చట్టం కింద వచ్చిన 4 శాతం కోటా అది. సీయూఈటీ, నీట్ అఖిల భారత కోటా, ఐఐటీల్లో చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రెండు జాబితాలూ ఒకటి కాదు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసి ఆ తర్వాతే ఫారంలో ఓబీసీ అని పెట్టాలి. కేంద్ర జాబితాలో లేకపోతే, ఆదాయం పరిమితి లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్‌కు అర్హత ఉందేమో సచివాలయంలో అడగాలి. కేంద్ర సంస్థల కోసం తీసుకునే ఈ సర్టిఫికెట్లు ఆ ఆర్థిక సంవత్సరానివే అయి ఉండాలి కాబట్టి, ఏప్రిల్ దాటాక తీసుకున్నదే చెల్లుతుంది.